దీపం ఆరితే పైకి రావాలి

మొన్నామధ్య మా అపార్టుమెంటు అసోసియేషను వాళ్ళు, కింద పిల్లలు ఈత కొట్టే చిన్న కొలనులో దీపాలు చెడిపోయాయనీ, కొత్తవి ఎలాంటివి వేయించాలో కాస్త చూసి చెప్పమనీ నన్ను పిలిచారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ హైస్కూలు పిల్లలకు ఫిజిక్సు చెప్పినదాన్ని కాబట్టి, నీళ్ళకూ కరెంటుకూ మధ్య తగువు తీర్చడం నాకే చేతనవుతుందని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం తప్పని నేనెప్పుడూ అనను. కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. దుకాణం నుంచి వచ్చిన మనిషి అరచేతిలో ఇమిడే తెల్లటి బిళ్ళ ఒకటి అట్టపెట్టెలోంచి తీసి, వెలిగించి, అందరికీ తిప్పి తిప్పి చూపించి, వెలుగుతున్నదాన్ని వెలుగుతున్నట్టే బకెట్టు నీళ్ళలోకి జారవిడిచాడు. నాకు తెలియకుండానే "ఆగు బాబూ, ఆగు!" అని కేక వేసి లేచి నిలబడ్డాను.

ఏమీ కాలేదు. బకెట్టు అడుగున ఆ బిళ్ళ హాయిగా వెలుగుతూనే ఉంది. అతను నా వంక జాలిగా చూసి, దాన్ని పైకి తీసి, "ముట్టుకుని చూడండి మేడమ్, వేడే ఉండదు దీనికి" అన్నాడు. ముట్టుకున్నాను. చల్లగానే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. పెద్దావిడ కంగారు పడిందనుకుని ఉంటారు. లారీ హెడ్‌లైటు మీద చెయ్యి పెట్టి చురుక్కుమని వెనక్కి తీసుకున్న మన వయసు వాళ్ళకైతే నా కేక అర్థమవుతుంది గనుక, దాని వెనక ఉన్న కథ మీకే చెబుతాను.

మా నాన్న కాల్వ మీద లాకు సూపరింటెండెంటు. పడవలు మెరక నీళ్ళ నుంచి పల్లం నీళ్ళకు దిగడానికి కాల్వకు అడ్డంగా కట్టిన తలుపుల్ని లాకులంటారని ఈనాటి పిల్లలకు చెప్పాలి గాని మీకు అక్కర్లేదు. విజయవాడ నుంచి సముద్రం వైపు పోయే కాల్వల్లో ఒకదాని మీద, ఆ లాకుల పక్కనే మాకు సర్కారు వారి పెంకుటింటి క్వార్టరు. పగలంతా పడవల వాళ్ళ కేకలు, సాయంత్రమైతే అమ్మ పాడే కీర్తనలు, ఎప్పుడూ ఆగని నీటి హోరు, ఇవే మా ఇంటి చప్పుళ్ళు. మా ఇంట్లో ఏ పనైనా ప్రార్థన లేకుండా మొదలయ్యేది కాదు. నేను పరీక్షకు బయల్దేరినా, కొత్త దూడ ఇంటికొచ్చినా, లాకుల దగ్గర పనిచేసే లస్కర్లు తలుపులకు కందెన పెట్టబోయినా నాన్న కళ్ళు మూసుకుని నిలబడిపోయేవారు. ఆయన ప్రార్థన మహా పొడుగు. ఆదాము దగ్గర ఎత్తుకుని మా క్వార్టరు దాకా వచ్చేసరికి పొయ్యి మీద పప్పు అడుగంటేది. అమ్మ మధ్యలో ఒక కన్ను తెరిచి పొయ్యి వంక చూసేది, నేను రెండు కళ్ళూ తెరిచి అమ్మ వంక చూసేదాన్ని.

మా అన్నయ్యకు విజయవాడ ఆటోనగర్లో బ్యాటరీలూ, డైనమోలూ, సెల్ఫు మోటార్లూ బాగుచేసే షాపు ఉండేది. షాపంటే పెద్ద మాట, రేకుల షెడ్డు, ముందు ఒక బల్ల, లోపల ఆసిడ్ వాసన. నేను బీఎస్సీ పూర్తి చేసి, బీఈడీ సీటు కోసం ఎదురుచూస్తూ అన్నయ్యా వదినల దగ్గర ఉన్న రోజులవి. ఊరికే కూర్చోవడం నా ఒంటికి పడదు. అన్నయ్యకు క్యారేజీ తీసుకెళ్ళినదాన్ని అక్కడే స్టూలు లాక్కుని కూర్చుని, ముందు చూస్తూ, తర్వాత అడుగుతూ, ఆ తర్వాత అడక్కుండానే చేస్తూ, కొన్నాళ్ళకు డైనమోకు తీగ చుట్టడం అన్నయ్య కంటే శుభ్రంగా నేర్చుకున్నాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, కావాలంటే గొప్పే అనుకోండి. లారీ డ్రైవర్లు మొదట్లో నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయేవాళ్ళు, తర్వాత్తర్వాత అన్నయ్యను పక్కకు జరిపి "చెల్లెమ్మా, నువ్వే చూడమ్మా" అనేవాళ్ళు. అన్నయ్య ఉడుక్కునేవాడు గాని లోపల మురిసిపోయేవాడని వదిన చెప్పేది.

ఇక మా బాబాయి. నాన్నకు చిన్నాయన కొడుకు. పొట్టిగా, వెడల్పుగా, ఎప్పుడూ తడి జుట్టుతో ఉండేవాడు. కాల్వలో మునిగిన పడవకు తాళ్ళు కట్టాలన్నా, నూతిలో పడ్డ మోటారు తీయాలన్నా, లాకుల అడుగున పేరుకున్న చెత్త లాగాలన్నా చుట్టుపక్కల అందరికీ ఆయనే దిక్కు. ముక్కుకు గొట్టాలూ వీపుకు డబ్బాలూ ఆయన ఎరగడు, గుండెల నిండా గాలి పీల్చుకుని దిగడమే. నీళ్ళల్లో కళ్ళు తెరిచినా చీకట్లో కనపడేదేముందని, అంతా చేతులతోనే చూసేవాడు. ఆ చేతుల్లో ఎడమదానికి చిటికెన వేలు సగమే ఉండేది. మిగతా సగం ఎక్కడో ఒక తూము తలుపు కింద పోయింది. ఆ సంగతి నవ్వుతూ చెప్పేవాడు గాని, అప్పటి నుంచి తూము అంటే మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకునే దిగేవాడు.

ఏ సంవత్సరమో కచ్చితంగా చెప్పలేను, డెబ్బైల నడిమి అని మాత్రం గుర్తు. ఆ ఏడు వానలు వెనకబడి, కాల్వలకు నీళ్ళు కూడా ఆలస్యంగా వదిలారు. మా లాకుల పక్కనే, పెద్ద కాల్వలోంచి శివారు పొలాలకు నీరు మళ్ళించే తూము ఒకటుంది. వేసవంతా మూసి ఉన్న దాని తలుపును, నీళ్ళు రాగానే నాన్నా లస్కర్లూ పైనున్న చక్రం తిప్పి ఎత్తబోతే, ఒక పక్కన వేలెడు లేచి బిగుసుకుపోయింది. ఇంకా తిప్పితే ఇనుప కడ్డీ వంగేట్టుంది గాని తలుపు కదలదు. బాబాయి దిగి తడిమి చూసి, తలుపు జారే గాడిలో ఏదో కర్ర దిగబడిందని చెప్పాడు. అయితే దాని మొన ఎటుందో, పైకి లాగితే వస్తుందో ముందుకు లాగితే వస్తుందో చేతికి అందడం లేదు. పైగా ఆ వేలెడు సందులోంచి నీళ్ళు ఊపుగా ఈడ్చుకుపోతున్నాయి. అందులోకి చెయ్యి పోయిందంటే మనిషి పైకి రాడు.

శివారు ఊళ్ళ వాళ్ళు అప్పటికే ఉన్న చెరువు నీళ్ళతో నారుమళ్ళు పోసుకుని, ఆ కాస్త నీరూ అయిపోయి, రోజూ వచ్చి తూము గట్టు మీద కూర్చుంటున్నారు. నాన్నను ఎవరూ ఒక్క మాట అనేవాళ్ళు కాదు, అదే ఆయనకు నరకం. ఇంజనీరుగారు కూడా మంచివారే, వయసులో చిన్నవారైనా నాన్నను గౌరవంగా చూసేవారు. ఆయన చెప్పిందొక్కటే, సోమవారానికల్లా తలుపు లేవకపోతే పైన పెద్ద కాల్వ కట్టేసి, నీళ్ళన్నీ దించేసి, పొడిగా చేసి బాగు చేయించాలి. అలా చేస్తే శివారొక్కటే కాదు, ఆ కాల్వ కింద పోసిన నారంతా ఎండిపోతుంది. అలాగని బాబాయిని మళ్ళీ ఆ సందులో చెయ్యి పెట్టమని అడగడానికి నాన్నకు నోరు రాలేదు. అడక్కముందే బాబాయి తేల్చి చెప్పాడట, కనపడితే దిగుతాను, కనపడకపోతే దిగను అని.

ఆ మాట చెప్పి, అటుగా పోయే లారీ ఎక్కి తిన్నగా ఆటోనగర్ వచ్చాడు. వచ్చి బల్ల మీద కూర్చుని, మంచినీళ్ళు కూడా తాగకుండా, "నీళ్ళల్లో వెలిగే దీపం కావాల్రా. చేస్తారా, చెయ్యరా?" అన్నాడు. ఎంత లోతని అన్నయ్య అడిగితే, "నేను నిలబడితే నా నెత్తిమీద ఇంకో నేనంత" అన్నాడు. ఇంజనీరుగారు మా క్వార్టరు నుంచి వైరు లాగి, గాజు సీసాలో బల్బు పెట్టి దించుదామన్నారట. అన్నయ్య చేతిలో స్పానరు కింద పెట్టేశాడు. "ఇంటి కరెంటు నీళ్ళల్లోకి దించుతారా? దీపం మాట దేవుడెరుగు, నువ్వు మిగలవు బాబాయ్. మా దగ్గర బ్యాటరీలున్నాయిగా, వాటితోనే చేద్దాం" అన్నాడు. చేద్దాం అన్న ఆ మాటలో నేనూ ఉన్నానని నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మొదట టార్చిలైటుకు సైకిలు ట్యూబు తొడిగి చూశాం. నీళ్ళు చొరబడలేదు గాని ఆ వెలుగు మిణుగురు పురుగుకే చాలదు. బల్బుకు గాజు బుడ్డి బోర్లిస్తే, బుడ్డి తేలిపోతానంటుంది. అప్పుడు అన్నయ్య అటక మీది నుంచి సీల్డ్ బీమ్ హెడ్‌లైటు ఒకటి దించాడు. ముందూ వెనకా గాజే, రెండూ కలిపి ఊదినట్టు అతుక్కుని ఉంటాయి, లోపలికి గాలి కూడా పోదు. మనం కాపాడుకోవాల్సింది వెనక తీగలు తగిలించే చోటు ఒక్కటే. దానికి మందు మా షాపులోనే ఉంది. ఆ రోజుల్లో బ్యాటరీల నెత్తిన గదులన్నిటినీ కలిపి నల్లటి తారు పోసి మూసేవాళ్ళు, మీరు చూసే ఉంటారు. ఆ తారు కరిగించి తీగల మొదట్లో పోశాం. దాని మీద లారీ ట్యూబు ముక్క కప్పి, వన్ టౌన్ సందుల్లో తిరిగి ఇత్తడి పట్టీ ఒకటి తెచ్చి బిగించాం. రాత్రి ఇంటికి తెచ్చుకుని ఎంత బిగించినా రబ్బరు ఒక పక్క ముడత పడుతూనే ఉంది.

అది చూసి మా వదిన, అప్పటిదాకా మా ఇద్దరికీ పిచ్చి పట్టిందని టీలు అందిస్తున్న మనిషి, చీర కొంగు దోపుకుని కూర్చుంది. "ఆవకాయ జాడీకి వాసెన కట్టడం మీకు రాదని అత్తయ్య ఊరికే అన్లేదు" అంటూ రబ్బరును నాలుగు వైపులా సమంగా లాగి, పురికొసకు మైనం రాసి, ఒక్కో చుట్టూ ముందు చుట్టు మీద సగం పడేలా కట్టుకుంటూ పోయింది. ఏడాదంతా జాడీలోకి గాలి పోనివ్వని చెయ్యి అది. కట్టు మీద వేలు పెట్టి నొక్కితే చెక్కలా ఉంది. అన్నయ్య ఇత్తడి పట్టీని చడీచప్పుడు లేకుండా తీసి జేబులో వేసుకున్నాడు.

పెరట్లో గాబు నిండా నీళ్ళు పోసి దీపాన్ని ముంచాం. పంక్చరు షాపులో ట్యూబు ముంచి చూస్తారే, అలా నలుగురం గాబు మీదకు వంగి బుడగల కోసం చూశాం. ఒక్క బుడగ రాలేదు. అప్పుడు తీగ బ్యాటరీకి తగిలించాను. గాబంతా ఒక్కసారి వెలిగి, అడుగున పాచి కూడా పచ్చగా మెరిసింది. వదిన చప్పట్లు కొట్టింది. బాబాయి గాబులో తల ముంచి, కళ్ళు తెరిచి చూసి, మీసాల నుంచి నీళ్ళు కారుతుంటే నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. అంతకన్నా పెద్ద బహుమానం ఆ తర్వాత కూడా నాకు రాలేదు.

మర్నాడు, శనివారం, తెలిసిన లారీలో దీపమూ, రెండు బ్యాటరీలూ, మిగిలిన తారు ముద్దా వేసుకుని లాకుల దగ్గర దిగాం. గట్టు మీద తిరనాళ్ళలా జనం. ఇంజనీరుగారి జీపు కూడా వచ్చి ఉంది. ఇక్కడే మేం మా కులవృత్తి చూపించుకున్నాం. బండ్ల పని చేసేవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది, దీపం ముందు వెలిగించి, కాసేపు మండనిచ్చి, నమ్మకం కుదిరాక గాని బిగించరు. అన్నయ్య దీపాన్ని ఇటుకల మీద ఆనించి వెలిగించాడు. పట్టపగలు కూడా కళ్ళు చెదిరే ఆ వెలుగు చూసి జనం అబ్బో అన్నారు. సరిగ్గా అప్పుడు నాన్న తలపాగా తీసి, కళ్ళు మూసుకుని, ప్రార్థన మొదలుపెట్టారు. వెలుగు కలుగును గాక అన్న దగ్గర ఎత్తుకున్నారు. సందర్భం అలాంటిది, ఆయన తప్పేమీ లేదు. అందరం తలలు వంచాం. ఆయన పెద్దల్నీ, ఇంజనీరుగారినీ, శివారు రైతుల్నీ, వాళ్ళ పశువుల్నీ, బాబాయినీ, మమ్మల్నీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పే లోపు దీపం ఇటుకల మీద అలా మండుతూనే ఉంది. ఆర్పాలని ఎవరికీ తట్టలేదు. తట్టినా ప్రార్థన మధ్యలో ఎవరు కదులుతారు?

ఆమేన్ అన్నాం. అన్నయ్య దీపాన్ని గౌరవంగా తాడుతో నీళ్ళల్లోకి దించాడు. టప్పుమని ఒక్క చప్పుడు, గుప్పెడు ఆవిరి, అంతే. పైకి లాగితే ముందు గాజు నిలువునా పగిలి ఉంది, వెనక తారు మెత్తబడి జారిపోయి ఉంది. నాన్న ముఖం చూడలేకపోయాను. ఆయన తన ప్రార్థనలో ఏం లోపం జరిగిందా అని ఆలోచిస్తున్నారని నాకు తెలుసు, ఒక రకంగా చూస్తే లోపం నిడివిలోనే జరిగింది.

నాకు ఏడుపు రావాల్సింది, దానికి బదులు కోపం వచ్చింది. ఇంట్లో గాబులో లక్షణంగా వెలిగినది ఇక్కడెందుకు పగలాలి? అక్కడ ఏం చేశాం, ఇక్కడ ఏం చేశాం అని గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. తిరుగుతుంటే తట్టింది. అక్కడ బుడగల కోసం ముందు ముంచాం, తర్వాత వెలిగించాం. ఇక్కడ వెలిగించి, కాల్చి కాల్చి, ఆ తర్వాత ముంచాం. కాలిన పెనం మీద చన్నీళ్ళు పోసినట్టే కదా! నీళ్ళల్లో పుట్టిన దీపానికి నీళ్ళే చలవ. ఇలాంటిదే ఇంకోటి ఉంటే ఇప్పుడే చేసి చూపిస్తానని గట్టిగా, బహుశా అవసరమైన దానికన్నా గట్టిగానే అన్నాను. అన్నయ్య కళ్ళు ఇంజనీరుగారి జీపు హెడ్‌లైట్ల మీద పడ్డాయి. ఇంజనీరుగారు మా ఇద్దరినీ, జీపునూ మార్చి మార్చి చూసి, నవ్వి, "ఒకటి తీసుకోండి, రెండోదానితో ఇంటికి వెళతాను" అన్నారు. ఆ సాయంత్రం ఆయన ఒంటికంటి జీపులోనే తిరిగి వెళ్ళారు, అది వేరే సంగతి.

అమ్మ పొయ్యి మీద తారు కరిగించాం. ఇల్లంతా కంపు కొడుతుంటే అమ్మ ముక్కుకు కొంగు కప్పుకుని మా వంశాన్ని మొత్తం కీర్తించింది. వాసెన కట్టడానికి వదిన లేదు గనుక, ఆ తిట్ల మధ్యనే అమ్మే కట్టింది. అత్తా కోడళ్ళ కట్లలో ఎవరిది గట్టిదో చెప్పే ధైర్యం నాకు ఆనాడూ లేదు, ఈనాడూ లేదు.

మధ్యాహ్నం ఈసారి చల్లటి దీపాన్నే నీళ్ళల్లోకి దించి, అప్పుడు నాన్న వంక చూశాం. ఆయన కాస్త తటపటాయించి, "నీళ్ళల్లో ఉన్నా ఆయన వింటాడులే" అని, తన జీవితంలోకల్లా పొట్టి ప్రార్థన చేశారు. నేను తీగ తగిలించాను. తూము నోట్లో నీళ్ళు ఆకుపచ్చగా వెలిగాయి. బాబాయి గాలి పీల్చుకుని దిగి, దిగినంతసేపట్లోనే పైకొచ్చి, "ఏం కనపళ్ళేదు. గంజిలో తల పెట్టినట్టుంది, అంతా తెల్లగా" అన్నాడు. దీపాన్ని తన ముఖం పక్కనే పట్టుకున్నాడు మరి. నీళ్ళల్లోని నలుసులన్నీ ఆ వెలుగునే తిరిగి కళ్ళల్లో కొడుతున్నాయి. దీనికి అన్నయ్య దగ్గర జవాబు ఉంది. మంచు పట్టిన పొద్దుటిపూట లారీ వాళ్ళు పెద్ద దీపాలు ఆర్పేసి, కిందగా ఉండే చిన్న దీపాలే వేసుకుంటారు, ఎందుకంటే కంటికి దగ్గరగా ఉన్న వెలుగు మంచునే చూపిస్తుంది గాని దారి చూపించదు. వెంటనే దీపాన్ని వెదురు గడకు కట్టి, బాబాయికి దూరంగా, గోడ పక్కగా, గాడి మీద అడ్డంగా పడేట్టు దించాం. ఆ సందు దగ్గర తప్ప తూము ముందు నీళ్ళు నిలవ నీళ్ళే, కాసేపు ఎవరూ కదిలించకపోతే మట్టి అడుక్కి దిగింది. బాబాయి మళ్ళీ మునిగి లేచాడు. ఈసారి ముఖమంతా నవ్వు. "తాడి దుంగ ముక్కమ్మాయ్! మొన పైకుంది. ఉచ్చు వేసి పైకి లాగితే వచ్చేస్తది" అన్నాడు.

ఇక దిగి ఉచ్చు వేయడమే. దిగే ముందు గట్టు పట్టుకుని వేలాడుతూ ఆయన నాతో ఒక ఒప్పందం పెట్టుకున్నాడు. నీళ్ళ కింద పైవాళ్ళ కేకలు వినపడవు, తాడు పట్టి లాగుదామంటే ఆ సందు దగ్గర తాడు చుట్టుకుంటే అదే ఉరి. "దీపం ఆరితే నేను అన్నీ వదిలేసి పైకొచ్చేస్తా. ఎందుకారిందని అడగను. నువ్వూ ఎందుకార్పాలని ఆలోచించబాక" అన్నాడు. నాన్న చక్రం దగ్గర, అన్నయ్య గడ దగ్గర, నేను బ్యాటరీ దగ్గర. తీగ కొస నా వేళ్ళ మధ్య ఉంది.

బాబాయి దిగాడు. వెలుగులో ఆయన వీపు మసగ్గా కదలడం, చేతులు గాడి దగ్గర పనిచేయడం పై నుంచి నాకు కనపడుతూనే ఉంది. ఊపిరి కోసం పైకొచ్చి, మళ్ళీ దిగి, ఉచ్చు తగిలించి బిగిస్తున్నాడు. అంతలో నాన్న చేతి కింద చక్రం వణికింది. దుంగ కాస్త కదిలేసరికి, అప్పటిదాకా బిగబట్టి ఉన్న తలుపు లేవడానికి సిద్ధమవుతోంది. అది లేస్తే కింద సందు పెద్దదై, ముందున్న దేన్నైనా లోపలికి ఈడ్చేస్తుంది. నాన్న చక్రాన్ని ఒంటి బరువుతో అదిమిపట్టి, "అమ్మాయ్, ఆర్పెయ్!" అని అరిచారు.

నా వేళ్ళు కదల్లేదు. రెప్పపాటే కావచ్చు, కానీ ఆ రెప్పపాటు నాకు ఇప్పటికీ గుర్తుంది. అంత లోతులో, చీకట్లో, ఆ సందు పక్కన ఉన్న మనిషికి ఉన్న ఒక్క వెలుగూ నా చేత్తో తీసేయాలి. ఆయన బతుకంతా ఆ వెలుగే అన్నట్టు రెండు రోజులు కష్టపడి దాన్ని చేసింది నేనే. భయం వేసింది, దాచడమెందుకు. కానీ ఆలోచించబాక అన్నాడు గనుక ఆలోచించలేదు. తీగ లాగేశాను. తూము నోరు నల్లగా మూసుకుపోయింది.

నల్లటి నీళ్ళు కాసేపు నల్లగానే ఉన్నాయి. తర్వాత గట్టుకు ఇవతలగా, తూముకు బాగా దూరంగా, తడి జుట్టు ఒకటి పైకి తేలింది. బాబాయి పెద్దగా గాలి పీల్చి, "తగిలించేశా, లాగండి!" అన్నాడు. శివారు వాళ్ళు కూర్చున్నచోట నుంచి ఒక్కసారిగా లేచి తాడు పట్టుకున్నారు. తాడి దుంగ బురదతో సహా పైకి వచ్చింది. నాన్న చక్రం వదలగానే తలుపు తనంతట తనే జానెడు లేచింది, మిగతాది తిప్పి లేపారు. చిన్న కాల్వలోకి నీళ్ళు నురగలు కక్కుతూ దూకాయి. వాటి వెంట శివారు మనుషులు కొందరు గట్టు మీద పరుగెత్తడం చూశాను, నీళ్ళ కంటే ముందు తమ ఊరు చేరి చెప్పాలని కాబోలు. బాబాయి గట్టెక్కి, ఒప్పందం ప్రకారం, దీపం ఎందుకారిందని అడగలేదు. నాన్న మాత్రం వచ్చి ఆయన్ను కౌగిలించుకుని, తడిసిన చొక్కాతోనే చాలాసేపు నిలబడ్డారు. అది కూడా ప్రార్థనే అయి ఉంటుంది, మాటలు లేనిది.

ఆ దీపం తర్వాత చాలా ఏళ్ళు మా బాబాయి దగ్గర ఉంది. దానిలాంటివే ఇంకొన్ని మా షాపులో చేశాం, లాంచీల వాళ్ళూ, నూతుల్లో మోటార్లు దించేవాళ్ళూ వచ్చి చేయించుకుని పోయేవాళ్ళు. ప్రతి ఒక్కరికీ అన్నయ్య ముందు ముంచండి, తర్వాత వెలిగించండి అని చెప్పేవాడు. నేను మాత్రం ఇంకో మాట అడిగేదాన్ని, తీగ దగ్గర ఎవరుంటారు అని. నాకు ఉద్యోగం వచ్చి, బడి పిల్లల మధ్య పడ్డాక ఆ షెడ్డుకు వెళ్ళడం తగ్గిపోయింది. ఇప్పుడు నాన్నా బాబాయీ లేరు. అన్నయ్య కూడా లేడు. వదిన ఉంది, ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాల్లో పెడుతుంది, మూత తిప్పితే చాలంటుంది. లాకుల్లో పడవలు తిరగడం ఎప్పుడో మానేశాయి.

కొలనుకు ఆ తెల్ల బిళ్ళలే మంచివని చెప్పాను, అబద్ధమెందుకు, అవి నిజంగానే మంచివి. వేడెక్కవు, పగలవు, తారు అక్కర్లేదు, వాసెన అక్కర్లేదు. బిగించిన రోజు సాయంత్రం నన్నే కిందికి రమ్మన్నారు. చీకటి పడుతుండగా నీళ్ళన్నీ నీలంగా వెలిగాయి, పిల్లలు కేరింతలు కొడుతూ దూకారు. తీగలు కనపడవు, స్విచ్చు కూడా ఎవరూ వేయలేదు, అన్నీ గడియారమే చూసుకుంటుందట. చాలా అందంగా ఉందని అందరితో పాటు నేనూ అన్నాను. మాటల్లో పడి ఎంతసేపయిందో గమనించలేదు, వాటి టైము అయిపోయినట్టుంది, చప్పుడు లేకుండా ఆరిపోయాయి. గట్టున ఉన్న తల్లిదండ్రులు ఫోన్లలోంచి తలెత్తలేదు. పిల్లలు నల్లటి నీళ్ళల్లో ఆడుకుంటూనే ఉన్నారు. దీపం ఆరితే పైకి రావాలని వాళ్ళతో ఎవరూ ఒప్పందం పెట్టుకోలేదు మరి. పైకి వెళదాం రమ్మని పక్కింటావిడ రెండుసార్లు పిలిచింది. నేను మాత్రం మెట్ల దగ్గరే నిలబడ్డాను, తడి తలలు ఒక్కొక్కటీ పైకి వచ్చి, ఆఖరి పిల్ల కూడా గట్టెక్కేదాకా.